కౌంటు నార్మల్‌గానే ఉంది కదా, మళ్లీ ఈ టెస్టు దేనికి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా తమ్ముడికి 34 ఏళ్లు. మోటారు వైండింగ్ షాపు నడుపుతాడు. కిందటేడాది ఎడమ డొక్కలో బరువుగా ఉందని, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయని చూపిస్తే తెల్ల కణాలు 1,85,000 ఉన్నాయన్నారు. మూలుగ పరీక్ష కూడా చేసి సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని తేల్చారు. ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి వేసుకోమన్నారు. రెండు నెలలకే కౌంటు నార్మల్‌కి వచ్చింది. అయినా మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ అని ఇంకో టెస్టు చేయిస్తున్నారు. అది మూడో నెలలో 6 శాతం, ఆరో నెలలో 0.7, ఏడాదికి 0.08 వచ్చింది. ఇప్పుడు 15వ నెలలో 0.4 అని వచ్చింది. సీబీసీ మాత్రం నార్మల్. "నాకేం లేదక్కా, కౌంటు బాగానే ఉంది. ఆ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, రాత్రి పిక్కలు పట్టేస్తున్నాయి, ఇక ఆపేస్తా" అంటున్నాడు. మా బంధువొకాయన ఇంగ్లీషు మందు ఎన్నాళ్లు వాడతాడు, పసరు మందు ఇప్పించండి అంటున్నాడు. మరదలికి ఇది పిల్లలకు వస్తుందేమోనని భయం. అసలు ఆ రక్తంలో ఏం చూస్తారు? జబ్బు తగ్గినట్టా, తగ్గనట్టా?
— ఒక అక్క, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. తమ్ముడి దగ్గరున్న మాత్రల స్ట్రిప్పులు తీసి లెక్కపెట్టండి. ఆఖరిసారి కొన్న బిల్లు మీద తేదీ చూడండి. ఆ రోజు ఎన్ని కొన్నాడో తెలిస్తే ఈ రోజుకి ఎన్ని మిగలాలో తెలుస్తుంది. అంతకన్నా ఎక్కువ మిగిలి ఉంటే 0.08 కాస్తా 0.4 ఎందుకైందో చాలావరకు తెలిసినట్టే. లెక్కపెట్టేటప్పుడు కోప్పడకండి. మాత్ర మానేసిన సంగతి రోగి భయపడి దాచేస్తే, మందు పనిచేయడం లేదనుకుని డాక్టరు ఇంకో మందుకు మార్చే ప్రమాదముంది.

నేను ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తం స్లైడ్లు చూసే డాక్టర్ని. అందుకని "ఆ రక్తంలో ఏం చూస్తారు" అన్న మీ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతావన్నీ తమ్ముడికి మీరే చెప్పగలరు.

జబ్బు బయటపడిన రోజు మీ తమ్ముడి రక్తాన్ని సన్నని గాజు గొట్టంలో పోసి మెషీన్లో తిప్పి ఉంటే కంటికే కనిపించేది. కింద ఎర్ర కణాలు పేరుకుంటాయి, పైన పచ్చగా ప్లాస్మా తేలుతుంది. రెంటి మధ్య తెల్లని పొర ఒకటి ఏర్పడుతుంది. మామూలు మనిషిలో అది దారమంత ఉంటుంది. లక్షా ఎనభై వేల కౌంటున్న మనిషిలో వేలి వెడల్పున మీగడ కట్టినట్టుంటుంది. 1845లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్షో అనే యువ డాక్టరు ఇలాంటి రక్తాన్ని చూసే దీనికి "తెల్ల రక్తం" అని పేరు పెట్టాడు. లుకేమియా అనే మాట అక్కడి నుంచే వచ్చింది.

అదే రక్తం ఒక చుక్క గాజు పలక మీద పల్చగా పరిచి, లీష్‌మన్ రంగు వేసి చూస్తే ఇంకా తెలుస్తుంది. తెల్ల కణం మూలుగలో పుట్టి, మెట్టు మెట్టుగా ఎదిగి, పూర్తిగా పక్వానికి వచ్చాకే రక్తంలోకి రావాలి. సీఎంఎల్ స్లైడులో అన్ని మెట్ల కణాలూ ఒకేసారి కనిపిస్తాయి. అంగన్‌వాడీ పిల్లల దగ్గర్నుంచి డిగ్రీ కుర్రాళ్ల దాకా అందరూ ఒక్కసారే రోడ్డు మీదికి వచ్చేసినట్టుంటుంది. మామూలుగా వందలో ఒకటి కూడా దొరకని బేసోఫిల్ కణాలు, నేరేడు పండు రంగు గింజలు కూరినట్టుండేవి, అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటాయి. అక్యూట్ లుకేమియా స్లైడు ఇలా ఉండదు. అందులో ఎదుగుదలే ఆగిపోయి, ఎక్కువగా ఒకే ఈడు పసికణాలు కనిపిస్తాయి. వాటిని బ్లాస్ట్‌లు అంటాం. సీఎంఎల్‌ని పట్టించుకోకుండా వదిలేస్తే చివరికి ఆ స్థితికే చేరుతుంది. మీ తమ్ముడి విషయంలో మా జాగ్రత్త అంతా ఆ రోజు రాకూడదనే.

ఇక తమ్ముడికి ఆయన పని భాషలోనే చెప్పండి. స్టార్టర్‌లో పాయింట్లు అతుక్కుపోతే ఏమవుతుంది? ఆఫ్ బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగదు. చేను నిండినా నీళ్లు పోస్తూనే ఉంటుంది. సీఎంఎల్‌లో జరిగింది అదే. మూలుగలోని ఒకే ఒక్క మూలకణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క ఒకదాని చోటికి ఒకటి మారిపోయాయి. ఆ మార్పిడిలో ఏబీఎల్ అనే జీన్ వచ్చి బీసీఆర్ అనే జీన్‌కి అతుక్కుంది. కణానికి "ఇక పెరుగు" అని చెప్పే స్విచ్చుల్లో ఏబీఎల్ ఒకటి. మామూలుగా అవసరమైనప్పుడే ఆన్ అవుతుంది. బీసీఆర్‌తో అతుక్కున్నాక ఆఫ్ అవడం మర్చిపోయింది. ఆ ఒక్క కణం పిల్లలూ వాటి పిల్లలూ కలిసి డొక్కలో ప్లీహాన్ని ఉబ్బించి, కౌంటుని 1,85,000కి చేర్చాయి.

దీన్ని కనిపెట్టిన కథలో నాకు బాగా ఇష్టమైన చిన్న సంగతులు రెండున్నాయి. ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ అనే పాథాలజిస్టు ఒకసారి లుకేమియా కణాలున్న స్లైడుల్ని కుళాయి నీళ్లతో కడిగాడు. ఆ నీళ్లకు కణాలు ఉబ్బి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకుని స్పష్టంగా కనిపించాయి. ఆయనా, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే విద్యార్థీ కలిసి ఈ జబ్బున్నవాళ్లలో మామూలుకన్నా పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోముని 1960లో లోకానికి చూపించారు. ఫిలడెల్ఫియా క్రోమోజోము అని మీ రిపోర్టులో ఉండేది అదే. ఆ పొట్టిదానిలో తెగిన ముక్క ఎక్కడికి పోయిందో మరో పదమూడేళ్ల దాకా ఎవరికీ తెలియలేదు. షికాగోలో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ క్రోమోజోముల ఫొటోలు ఇంటికి తెచ్చుకుని, అన్నం తినే బల్ల మీద కత్తిరించి జతలు పేర్చేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు ఆటపట్టించేవారట. ఆ కాగితం ముక్కల్లోనే 22లో పోయిన ముక్క 9కి చేరిందని పట్టుకుంది. 1973లో అచ్చు వేసింది.

అతుక్కున్న పాయింట్లు ఎక్కడున్నాయో తెలిశాక వాటికి అడ్డం పెట్టే వస్తువు వెతకడం కుదిరింది. ఇమాటినిబ్ ఆ అడ్డమే. ఫ్యూజు పీకేసి ఆ ఖాళీలో చెక్కముక్క దూర్చినట్టు, ఆ స్విచ్చుకి శక్తి అందే చోట పోయి కూర్చుంటుంది. నికోలస్ లైడన్ బృందం తయారు చేసిన ఈ మందుని బ్రయన్ డ్రూకర్ 1998లో మొదటిసారి మనుషులకు ఇచ్చి చూశాడు. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బు వచ్చినవాళ్లు చాలామంది నాలుగైదేళ్లకు మించి బతికేవారు కాదు. ఇమాటినిబ్‌తో మొదలైన పెద్ద పరీక్షలో ఆ మందు తీసుకున్నవాళ్లలో దాదాపు 11 ఏళ్ల తర్వాత కూడా 83 శాతం మంది బతికే ఉన్నారు.

చెక్కముక్క తీసేస్తే ఏమవుతుందో తమ్ముడినే అడగండి. అక్కా, మోటారు మళ్లీ తిరుగుతుంది అంటాడు. ఈ మాత్ర వేసుకున్న 18 గంటలకల్లా రక్తంలో మందు సగానికి పడిపోతుంది. రోజూ వేసుకోమనేది అందుకే.

"కౌంటు నార్మల్ కదా" అన్న మాటకి వద్దాం. జబ్బు బయటపడే నాటికి ఒంట్లో ఈ చెడ్డ కణాలు సుమారు లక్ష కోట్లు ఉంటాయని అంచనా. మందుతో వాటిలో తొంభై శాతం పోయినా సీబీసీలో కౌంటు నార్మల్‌గానే కనిపిస్తుంది. సీబీసీ కణాలను లెక్కిస్తుంది, మంచిదేదో చెడ్డదేదో దానికి తెలియదు. క్రోమోజోము పరీక్షలో ఒకసారికి 20 కణాలు చూస్తాం. జబ్బు ఇరవైలో ఒకటి కన్నా తక్కువైతే అది కంట పడకపోవచ్చు. ఫిష్ అనే పరీక్షలో రంగు చుక్కలు అంటించి కొన్ని వందల కణాలు చూస్తాం. మీ తమ్ముడికి చేస్తున్న బీసీఆర్-ఏబీఎల్ టెస్టుని పీసీఆర్ అనే పద్ధతిలో చేస్తాం, అది మాత్రం లక్ష మంచి కణాల మధ్య ఒక చెడ్డ కణమున్నా పట్టగలదు. ఆయన ఏడాదికి తెచ్చుకున్న 0.08 చాలా మంచి అంకె. మొదటి ఏడాదికి 0.1కి దిగాలని మేము కోరుకుంటాం, ఆయన అంతకంటే దిగాడు. అయినా చూడండి, ఈ అంకెలన్నీ శాతాలు, 0.1 శాతం అంటే వెయ్యో వంతు. లక్ష కోట్లలో వెయ్యో వంతంటే ఇంకా వంద కోట్ల కణాలు. అవి ఇంకా ఉన్నాయన్న సంగతి ఈ ఒక్క టెస్టే చెబుతుంది. అవి పెరగడం మొదలుపెడితే కౌంటు మారడానికి చాలా ముందే ఇందులో తెలుస్తుంది. ఇప్పుడు తెలిసింది కూడా అలాగే.

0.4 అంటే జబ్బు తిరగబెట్టినట్టు కాదమ్మా, నిద్ర మానుకుని ఏడవాల్సిన అంకె కాదు. 1 దాటలేదు. కానీ ఐదు రెట్లు పెరిగింది, 0.1 గీత దాటి పైకి వచ్చింది. దీన్ని మేము హెచ్చరిక అంటాం. ఇలాంటప్పుడు మొదట చూడాల్సింది మాత్రలు సరిగ్గా పడుతున్నాయా లేదా అని. అవి సరిగ్గా వేసుకుంటూ నెల, నెలన్నరలో టెస్టు మళ్లీ చేయించాలి. అప్పటికీ పెరుగుతూ ఉంటే, ఆ స్విచ్చు ఆకారం మారి చెక్కముక్క ఇమడడం లేదేమో చూడడానికి మ్యుటేషన్ టెస్టు అడుగుతారు. అలా అయినా దారి మూసుకుపోదు. డాసాటినిబ్, నిలోటినిబ్ ఉన్నాయి. వాటికీ లొంగని ఒక రకం మార్పుకి వేరే మందులున్నాయి. ఏది ఎవరికి అన్నది మీ డాక్టరు గారు చూసి చెప్పాల్సిన మాట.

మాత్ర మానడం ఎంత చేటో లండన్‌లో 87 మంది రోగులతో చూశారు. మాత్రల డబ్బా మూతలో చిన్న చిప్పు పెట్టి, మూత ఎన్నిసార్లు తెరిచారో రోగులకు చెప్పకుండా మూడు నెలలు లెక్కేశారు. వేసుకోవాల్సిన మాత్రల్లో 90 శాతం కన్నా ఎక్కువ వేసుకున్నవాళ్లలో ఆరేళ్ల నాటికి 94 శాతం మందికి ఆ 0.1 అందింది. అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో 28 శాతం మందికే అందింది. నెలకి మూడు మాత్రలు మరిచిపోతే పది శాతం పోయినట్టే. ఒక పెళ్లి, ఒక ఊరి ప్రయాణం, కడుపు బాగోలేని ఒక రోజు. మూడు మాత్రలు ఇంత సులువుగా పోతాయి.

తమ్ముడు చెప్పిన ఇబ్బందులు నిజమైనవే, వాటిని తేలిగ్గా తీసిపారేయకండి. ఇమాటినిబ్‌తో కడుపులో తిప్పడం, పిక్కలు పట్టేయడం, పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు చాలామందిలో చూస్తాం. మాత్రని ఖాళీ కడుపున వేసుకోకూడదు. బాగా తినే పూట, భోజనం మధ్యలో, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు. రాత్రి తొమ్మిదింటికి తిని తొమ్మిదిన్నరకి పడుకునే అలవాటుంటే మధ్యాహ్నం భోజనానికి మార్చుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. పిక్కలు పట్టేయడానికి కాల్షియం, మెగ్నీషియం చూసి సర్దుతారు. ఏదైనా పూట మరిచిపోతే ఆ రోజులోనే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాటికి రెండు కలిపి వేసుకోకూడదు. పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ తినవద్దు, ఒంట్లో ఈ మందు మోతాదుని అవి మార్చేస్తాయి.

"ఎన్నాళ్లు?" అన్నది న్యాయమైన ప్రశ్నే. ఎప్పటికీ ఆపకూడదన్న కాలం పోయింది. ఫ్రాన్స్‌లో కనీసం రెండేళ్లపాటు టెస్టులో జబ్బు అసలు కనిపించని వంద మందికి ఇమాటినిబ్ ఆపి చూశారు. దాదాపు 60 శాతం మందిలో తిరిగి వచ్చింది, అదీ ఎక్కువమందిలో ఆరు నెలల్లోపే. మిగతావాళ్లు మందు లేకుండానే ఉన్నారు. తిరిగి వచ్చినవాళ్లకు మళ్లీ మాత్ర మొదలెడితే లొంగింది. కాబట్టి ఆపే రోజు రావచ్చు. కానీ దానికి కొన్నేళ్లు క్రమం తప్పకుండా మందు పడాలి, అంకె 0.01 కన్నా కిందికి దిగి అక్కడ కనీసం రెండేళ్లు నిలవాలి, ఆపాక మొదట్లో నెల నెలా టెస్టు జరగాలి. 15వ నెలలో 0.4 దగ్గర సొంతంగా ఆపేయడానికీ దీనికీ పోలికే లేదు. కొన్నేళ్ల కిందట ఒకాయన కౌంటు బాగుందని ఐదు నెలలు మానేసి వచ్చాడు. ఆయన స్లైడు పెట్టుకుని చూసినప్పుడు ముందు ఆ బేసోఫిల్సే కనిపించాయి. మళ్లీ దారికి తెచ్చుకోవడానికి ఆయనకు ఏడాది పైన పట్టింది. ఆ స్లైడు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

పసరు మందు గురించి మీ బంధువు గారికి గౌరవంగానే చెప్పండి. అందులో ఏముందో, ఎంత ఉందో తెలియదు. కొన్ని ఆకుల రసాలు కాలేయంలో ఈ మాత్ర అరిగే వేగాన్ని మార్చగలవు, కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి. "ఇంగ్లీషు మందు" అని ఆయన అన్నారు కాబట్టి ఒక మాట. లుకేమియాని కొద్ది రోజులైనా వెనక్కి నెట్టిన తొలి మందుల్లో ఒకటి అమెరికాలో మన తెలుగువాడి ల్యాబు నుంచి వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే అమినోప్టెరిన్‌ని తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948లో రాసిన 16 మంది పిల్లల్లో 10 మంది కోలుకున్నారు, అదీ తాత్కాలికంగా. ఆ మొదటి అడుగు మీదే ఇప్పటి చిన్నపిల్లల లుకేమియా వైద్యం నిలబడింది.

ఇమాటినిబ్ కథలోనూ మనవాళ్లున్నారు. ఒకప్పుడు అసలు కంపెనీ మందు నెలకి లక్షా ఇరవై వేల దాకా ఉండేది. హైదరాబాద్‌కి చెందిన నాట్కో వంటి కంపెనీలు జనరిక్ చేశాక నెలకి పదివేల లోపుకి వచ్చింది. పేటెంటు గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి, 2013 ఏప్రిల్ 1న ఆ అసలు కంపెనీ నోవార్టిస్ దరఖాస్తుని కోర్టు కొట్టేసింది. ఇప్పుడిది ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధరకి హద్దు ఉంది. మందుకో టెస్టుకో డబ్బు ఇబ్బందైతే దాచుకోకండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, పథకంలో ఏవేవి వస్తాయో అడగండి. డబ్బు లేక మాత్ర మానేసినవాళ్లూ కడుపులో తిప్పిందనే చెబుతారు, అందుకే ఈ మాట రాస్తున్నాను.

మరదలికి ధైర్యం చెప్పండి. ఆ క్రోమోజోముల మార్పిడి మీ తమ్ముడి మూలుగలో ఒక కణంలో పెద్దయ్యాక జరిగింది. పుట్టుకతో వచ్చినది కాదు, పిల్లలకు సంక్రమించదు, అంటుకోదు. ఎక్కువమందిలో దానికి కారణమేదీ దొరకదు, ఆయన తిన్నదీ తాగినదీ తప్పు పట్టకండి. ఇంకో బిడ్డ కావాలనుకుంటే డాక్టరుకి ముందే చెబితే చాలు, తండ్రి ఈ మందు వాడుతుండగా పిల్లలు పుట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆడవాళ్లు వాడుతుంటే మాత్రం లెక్క వేరు, గర్భం వచ్చాక ఈ మందు కూడదు.

తర్వాతి టెస్టు కిందటిసారి చేసిన ల్యాబులోనే చేయించండి. ల్యాబు మారితే అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి. రిపోర్టులో ఇంటర్నేషనల్ స్కేల్ లేదా ఐఎస్ అని ఉందో లేదో చూడండి, లేకపోతే పాత అంకెలతో పోల్చలేం. రక్తం ఊదా రంగు మూత గొట్టంలో తీస్తారు. అందులో మేము వెతికేది ఆర్ఎన్ఏ, అంటే ఆ అతుక్కున్న జీన్ నుంచి కణం తీసుకునే నకలు. అది త్వరగా పాడైపోతుంది. శనివారం సాయంత్రం ఇచ్చి సోమవారం దాకా ఎక్కడో ఆగిపోయిన రక్తంలో జబ్బు ఉన్నా సరిగ్గా కనపడకపోవచ్చు. సోమవారమో మంగళవారమో పొద్దున్నే ఇచ్చి, అదే రోజు ల్యాబుకి చేరుతుందా అని కలెక్షన్ సెంటర్లో అడగండి.

షాపులో క్యాలెండర్ వేలాడుతూనే ఉంటుంది కదా. ఈ రోజు భోజనంలో మాత్ర వేసుకున్నాక ఆ తేదీ గడిలో తమ్ముడి చేతనే ఒక టిక్కు పెట్టించండి.